నేను గొంతు నొక్కిన బజరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు నలభై దాటాక తెలిసినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. అందులోనూ రెండు మూడు అనుమానమే. బందరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, చేతి పని కంటే నోటి పని ఎక్కువ చేస్తూ తిరిగే పాతికేళ్ళ వయసు అది. ముహూర్తాలు, వాస్తు, దిష్టి, తాయెత్తులు, స్వస్థత సభలు, ఏ మతం వాళ్ళనీ నొప్పించకుండా వదలకూడదన్న నియమంతో వేదికెక్కి అందర్నీ సమానంగా ఉతికి ఆరేసేవాణ్ణి. "ఆధారం చూపించండి!" అన్నది నా ఊతపదం. దానికి చప్పట్లు పడేవి. ఒకసారి పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయి చాలా నెమ్మదస్తురాలండీ" అని వాళ్ళ నాన్నగారు అంటే అలవాటు కొద్దీ ఆ మాటే అనేశాను. (ఆ సంబంధం ఏమైందో చెప్పనక్కర్లేదు.) నా భావాలు అప్పుడూ ఇవే, ఇప్పుడూ ఇవే. వాటికి నేను సిగ్గుపడను. సిగ్గుపడేది వేరే దానికి. ఎవరైనా చిన్న విమానం మాట ఎత్తితే చాలు, ఇప్పటికీ బల్ల కింద దూరాలనిపించే ఆ సంగతి ఇంతకాలానికి రాస్తున్నాను.

గుడివాడ శివార్లలో మూతపడిన ఒక రైసు మిల్లు ఉండేది. అందులో ధాన్యం బస్తాలకి బదులు రెండు సీట్ల చిన్న విమానం ఒకటి ఉండేది. దాని యజమాని ఎక్కడెక్కడో కుర్రాళ్ళకి విమానం నడపడం నేర్పి రిటైరైన పెద్దాయన. మొవ్వ దగ్గర పల్లెలో పుట్టి, చర్చి బడిలో చదివి, ఆకాశం దాకా వెళ్ళి మళ్ళీ డెల్టాకే వచ్చారు. ఊరందరికీ ఆయన మాస్టారు. రొయ్యల చెరువుల్ని పైనుంచి ఫొటోలు తీయించుకునే ఒక కంపెనీ కోసం వారానికి రెండుసార్లు దివిసీమ మీదుగా సముద్రం దాకా వెళ్ళి వచ్చేవారు. ఆయన భార్య లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ టీచరమ్మ గారు. భర్త జీవితమంతా గాల్లో గడిపినా ఆవిడ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. "ఇద్దరం పైకెళ్తే కింద పొయ్యి ఎవరు ఆపుతారండీ?" అనేవారు.

ఆ విమానానికి హెచ్చరికల ఏర్పాటు చేయడం నా ఉద్యోగం. ఇంజను వేడెక్కినా, ఆయిలు ఒత్తిడి పడిపోయినా, పెట్రోలు అడుగంటినా ముందుగా పసిగట్టే మూడు సెన్సార్లు, వాటికి మూడు ఎర్ర దీపాలు, అన్నిటికీ కలిపి చెవులు చిల్లులు పడేలా అరిచే ఒక బజరు. పెట్రోలు ఎంత ఉందో చూపే ముల్లు వేరే. దానికి లీటరు చొప్పున పోస్తూ, ముల్లు కదిలినప్పుడల్లా గీత గీస్తూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం మీద విమానాన్ని నిలబెట్టి, గొడుగు కింద, చెమటలు కక్కుతూ. ఆ గీతలు చూసుకుంటే నాకు ఎంత గర్వమో! నా జీవితంలో నేను స్వయంగా సృష్టించిన మొట్టమొదటి ఆధారం అది.

ఇంజను సంగతులు చూసేవాడు బోటు బావ. నాగాయలంక పక్కన సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. తండ్రి కాలం నుంచీ పడవ ఇంజన్లు బాగుచేసే చెయ్యి. నాకంటే పదేళ్ళు పెద్ద, ఊరందరికీ బావ. అతని దగ్గర మూరెడు సరుగుడు కర్ర ఒకటి ఉండేది, చాకుతో గాట్లు పెట్టినది. విమానం బయల్దేరే ముందు ప్రతిసారీ అతను చేసే తంతు చూస్తే నా ఒళ్ళు మండిపోయేది. ముందు విమానాన్ని కళ్ళం మీంచి గేటు దాకా ఒక్కడే ఆయాసపడుతూ తోస్తాడు. అక్కడ సరిగ్గా తూర్పు ముఖంగా నిలబెడతాడు. ట్యాంకు మూత తీసి కర్ర ముంచుతాడు. పైకి తీసి భక్తిగా కళ్ళ దాకా తెచ్చుకుంటాడు. అప్పుడుగాని పెట్రోలు డబ్బా ఎత్తడు.

"ఏంటి బావా, విమానానికి కూడా తూర్పు ముఖమా?" అన్నాను ఒకరోజు.

"అట్టా పెడితేనే కుదురుతుందండీ" అన్నాడు.

"కళ్ళకద్దుకోవడం ఎందుకో?"

"మా నాన్న అట్టాగే చేసేవాడండీ. పడవైనా ఇంతే."

చాలు కదా! మా నాన్న చేసేవాడు కాబట్టి నేనూ చేస్తాను, ఈ ఒక్క వాక్యం మీద నేను గంటన్నర ఉపన్యాసం ఇవ్వగలను. ఇచ్చాను కూడా. అతను ప్లగ్గులు తుడుచుకుంటూ మొత్తం విని, "బాగా చెప్పారు ఇంజినీరు గారూ. ఆ పదో నంబరు స్పానరు ఇటివ్వండి" అన్నాడు.

నెల తిరక్కుండా అసలు తంటా వచ్చింది. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వెళ్ళేసరికి బజరు మోగడం మొదలుపెట్టింది. అక్కడ ఒక్కచోటే. విమానం అక్కడ ఒరిగి వెనక్కి తిరుగుతుంది, నాలుగు క్షణాలు బజరు అరుస్తుంది, మళ్ళీ ఊరుకుంటుంది. మాస్టారు ఈ మాట నవ్వుతూ చర్చిలో ఎవరితోనో అన్నారు. బోటు బావ వాళ్ళ పేటలో అన్నాడు. వారం తిరిగేసరికి నాగాయలంక బస్సులో నా పక్కన కూర్చున్న చేపల బుట్ట పెద్దమ్మ నాకే చెప్పింది: "విమానం హంసలదీవిలో మన స్వామి గుడి మీదుగా పోయేటప్పుడు గంట కొడతందంట బాబూ! ఇనపదానికున్న భక్తి మనుషులకేదీ?" ఆ గంటకి తీగలు కలిపిన పాపాత్ముణ్ణి నేనేనని ఆవిడకి తెలియదు. నా రక్తం మరిగిపోయింది. నేను బిగించిన బజరుకి, నేను టంకం పెట్టిన తీగకి, నా ఎదుటే భక్తి అంటగడతారా?

మాస్టారు మాత్రం శాంతంగానే చెప్పారు. "చూడు బాబూ, ముల్లేమో సగం ఉందంటుంది. బజరేమో పెట్రోలు లేదంటుంది. రెంటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏదో తేల్చు."

"బజరేనండీ. సముద్రపు గాలి, ఉప్పు తేమ" అన్నాను వెంటనే. ఆలోచించడానికి తీసుకున్న సమయం సున్నా.

"కర్ర కూడా బజరు మాటే చెప్తందండీ" అన్నాడు బోటు బావ మెల్లగా.

"కర్ర చెబుతుందా? నీతో మాట్లాడుతుందా బావా? ఇంకేం చెప్పింది?" అన్నాను. మాస్టారు నవ్వారు. అదే ఊపులో, కట్టెలు ముంచితే ట్యాంకులో నలక పడుతుందని శాస్త్రీయంగా ఒక కారణం అల్లి, కర్ర తీసుకెళ్ళి నా సామాన్ల పెట్టెలో పడేశాను. అతను ఖాళీ అరచేతిని చొక్కాకి తుడుచుకున్నాడు, అంతే.

ఇక్కడ నా హేతువాదం అసలు విశ్వరూపం చూపించింది. హంసలదీవి ఒడ్డునే ఒక సభ పెట్టించాను. ఆటోకి మైకు కట్టి పల్లె పల్లెకీ చెప్పించాను. విమానం సంగమం మీద ఒకసారి కాదు, మూడుసార్లు చక్కర్లు కొడుతుంది; తిరిగి గుడివాడలో దిగాక మాస్టారు ఫోన్ చేస్తారు; ఆ ఫోన్ మైకుకి ఆనించి బజరు మోగలేదని ఆయన నోటే వినిపిస్తాను; స్వామి గంట కథ అక్కడితో సరి. మరి నిజంగా మోగితే? ఆ ప్రశ్న నాకూ వచ్చింది. అందుకే ముందురోజు సాయంత్రం పెట్రోలు సెన్సారు నుంచి బజరుకీ దీపానికీ వెళ్ళే తీగ విప్పి, కొసకి టేపు చుట్టి, మిగతా తీగల కట్టలోకి తోసేశాను. సెన్సారు తీసి చూడలేదు. తేమ ఉందో లేదో చూడలేదు. "సరిచేశానండీ" అని మాస్టారికి చెప్పాను. (బాబాలు గాల్లోంచి విభూతి తీసేటప్పుడు చేతిలో ముందే దాచుకుంటారని వేదికల మీద చేసి చూపించేవాణ్ణి. ఆ చెయ్యే ఇది.)

ఆశ్చర్యం ఏమిటంటే ఈ ప్రయోగానికి టీచరమ్మ గారు ముందుకొచ్చారు. "మోగిందో లేదో చెప్పడానికి ఇటు నీ పక్షం కాని, అటు వాళ్ళ పక్షం కాని మనిషి ఉండాలి కదా. నేనొస్తాను" అన్నారు. మాస్టారి ముఖం చూడాలి! ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నారాయన. ఆవిడ నావైపు తిరిగి, "బాబూ, అన్నీ చూశావు కదా?" అని అడిగారు.

"నా మీద నమ్మకం ఉంచండమ్మా" అన్నాను. ఆ మాట అన్నవాళ్ళని ఎంతమందిని ఉతికి ఆరేశానో!

మర్నాడు పొద్దున బోటు బావ విమానాన్ని గేటు వైపు తోయబోతే ఆపాను. "తూర్పు ముఖం అక్కర్లేదు బావా. ఇక్కడే పొయ్యి. ఇద్దరు ఎక్కుతున్నారు, బరువు తగ్గాలి. ప్రతిసారీ తిరిగొచ్చేసరికి ముల్లు బోలెడు మిగులు చూపిస్తోంది. ఈసారి సగం చాలు."

"మూడు చక్కర్లంటున్నారు కదండీ. ఒక్కసారి కర్రతో..."

"ముల్లుంది కదా!"

పోశాడు. తర్వాత నా బండి మీదే, మైకు సెట్టు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నా వెనకాల కూర్చుని హంసలదీవికి వచ్చాడు. దారి పొడుగునా నేను ఉపన్యాసం అప్పజెప్పుకుంటున్నాను. అతను ఒక్కసారి మాత్రం, "అమ్మగారు కూడా ఎక్కుతున్నారుగా" అన్నాడు. గాలికి వినపడనట్టు ఊరుకున్నాను.

జనం బాగానే వచ్చారు. వేటకెళ్ళని పడవలవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, రొయ్యల చెరువుల కాపలావాళ్ళు. పాటు వేళ కావడంతో సముద్రం బాగా వెనక్కి పోయి తడి ఇసుక గట్టిగా మెరుస్తోంది. విమానం వచ్చింది. మొదటి చక్కరు కొట్టింది. టీచరమ్మ గారు కిటికీలోంచి చెయ్యి ఊపడం కింద నుంచి కూడా కనిపించింది. రెండో చక్కరు. నా గొంతు లేచింది. మూడో చక్కరులో విమానం నదికీ సముద్రానికీ మధ్య ఒరిగి తిరుగుతుండగా నేను మైకులో, "చూస్తున్నారా? ఇదే సంగమం! ఏదీ మోత? వినండి! ఏ శబ్దమూ లేదు!" అన్నాను.

నిజంగానే ఏ శబ్దమూ లేదు. ఇంజను ఆగిపోయింది.

"నిజమే బాబూ, అసలే శబ్దం లేదు" అన్నాడు ముందు వరసలో కూర్చున్న ముసలాయన.

ఆ తర్వాత ఎంతసేపో నాకు తెలియదు. రెక్కలు గాలిని కోసే సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేకుండా ఆ విమానం మా మీదికి దిగుతూ వచ్చింది. అందులో ఉన్నది నన్ను కన్నబిడ్డలా చూసిన ఇద్దరు ముసలివాళ్ళు. టేపు చుట్టిన ఆ తీగ కొస ఒక్కటే నా కళ్ళ ముందు కనిపిస్తోంది. మైకు ఆన్‌లోనే ఉంది. నా ఊపిరి పెద్దగా జనానికంతా వినిపిస్తోందట, తర్వాత చెప్పారు. మాస్టారు విమానాన్ని తడి ఇసుక మీద రెండుసార్లు ఎగరనిచ్చి, పడవలకి బారెడు దూరంలో నిలిపారు. జనం పరుగెత్తారు. "స్వామే దింపాడు!" అని ఎవరో అరిచారు. ఎక్కణ్ణుంచి తెచ్చారో, నా ప్రసంగం పూర్తికాకముందే పసుపు వచ్చింది, కొబ్బరికాయ వచ్చింది. టీచరమ్మ గారు రెక్క పట్టుకుని దిగారు. ఒక కాలికి చెప్పు లేదు. నా వైపు చూసి, ఒప్పుకున్న పని పూర్తి చేశారు: "బజరు మోగలేదు బాబూ."

మాస్టారు దిగుతూనే బోటు బావ మీద విరుచుకుపడ్డారు. ఆయన గొంతు పెంచడం నేను చూడటం అదే మొదలు. "చేపల పడవల డబ్బాల్లో తెచ్చావా పెట్రోలు? నీళ్ళు కలిశాయి!"

"లేదండీ. అయిపోయిందండీ."

"ముల్లు ఇంకా పావు చూపిస్తోంది, ఎట్టా అయిపోతుంది? నీ మూలాన ఇవాళ ఆవిణ్ణి చంపేసేవాణ్ణి. పో. మళ్ళీ మిల్లు గడప తొక్కకు."

బోటు బావ నా వైపు చూశాడు. కోపంగా కాదు, నా పక్కనున్న స్పానరు ఇవ్వమని అడిగేటప్పుడు చూసే చూపే అది. నా చేతిలో మైకు ఉంది. దాని మీద నా వేలు ఉంది. నేను చేసిన పనల్లా ఆ స్విచ్చి ఆపెయ్యడం. ఆ రోజు ఆ విధంగా స్వామికి కొబ్బరికాయ దక్కింది, బోటు బావకి నింద దక్కింది, ఆధారాల కోసం ఊళ్ళు ఊళ్ళు తిరిగి గొంతు చించుకున్న నాకు మౌనం దక్కింది.

అక్కడితో ఆగితే బాగుండేది. రొయ్యల కంపెనీ పంపిన కారెక్కుతూ మాస్టారు నా భుజం తట్టి, "నువ్వే కాస్త చూడు బాబూ. ట్యాంకు విప్పి నీళ్ళున్నాయేమో తేల్చు" అన్నారు. దొంగకే దర్యాప్తు! విప్పాను. నీళ్ళు లేవు. పెట్రోలూ లీటరు లేదు. సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "నమూనా సరిపోవడం లేదండీ, స్పష్టంగా ఏమీ తేలలేదు." ఏ స్వాములోరూ ఇంతకంటే చక్కగా తప్పించుకోలేడు.

రెక్కలు విప్పి లారీ మీద విమానాన్ని గుడివాడ చేర్చి, మళ్ళీ బిగించేసరికి నాలుగు రోజులు పట్టింది. ఉప్పు కడగాలని కళ్ళం మీద నిలబెట్టి గొట్టంతో నీళ్ళు కొడుతున్నాను. నీళ్ళు విమానం కిందుగా ఎడమ చక్రం వైపు గబగబా పారుతున్నాయి. కాసేపు ఊరికే చూశాను. తర్వాత గొట్టం చేతిలోంచి జారిపోయింది. కళ్ళం వాలుగా ఉంది! వాన నీళ్ళు నిలవకూడదని ధాన్యం కళ్ళాన్ని వాలుగా కడతారని డెల్టాలో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. నేను గొడుగు కింద కూర్చుని గీసిన నా గీతలన్నీ ఒరిగిన ట్యాంకు గీతలు. ఒక డబ్బా పెట్రోలు పోసి, ముల్లు చూసుకుని, విమానాన్ని గేటు దాకా తోశాను. ఒక్కణ్ణే తోస్తుంటే ఎంత ఆయాసమో అప్పుడు తెలిసింది. గేటు దగ్గర నేల అద్దంలా చదును. ఒక్క చుక్క కలపకుండానే ముల్లు పైకి లేచింది. అంటే గాల్లో అది ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తోందన్నమాట. విమానం ముక్కు తూర్పుకి ఉంది, ఎందుకంటే గేటు తూర్పుకి ఉంది. బోటు బావ వెతికింది దిక్కుని కాదు, చదునైన నేలని. పడవ ఒరిగి ఉన్నప్పుడు తైలం కొలవకూడదని వాళ్ళ నాన్న నేర్పిన పాఠాన్ని నేను శకునమని వెక్కిరించాను. ఇక బజరు? అది మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది. ట్యాంకులో తగ్గిన పెట్రోలు, విమానం ఒరిగి తిరిగే చోట సెన్సారుని వదిలి పక్కకి జారేది. ఆ తిరిగే చోటు సంగమం. మొత్తం మిల్లులో అబద్ధమాడింది నా ముల్లు, ఆ తర్వాత నేను.

ఆ మధ్యాహ్నమే మాస్టారింటికి వెళ్ళి ఇద్దరి ముందూ కూర్చుని అంతా చెప్పాను. తీగ గురించి, టేపు గురించి, కర్ర గురించి, నమూనా గురించి. మాస్టారు తన చేతులకేసి చూసుకున్నారు. టీచరమ్మ గారు మాత్రం క్లాసులో అడిగినట్టే అడిగారు.

"మోగకూడదని ముందే అనుకున్నావా?"

"అవునమ్మా."

"జవాబు ముందు రాసేసుకుని, దానికి తగ్గట్టు లెక్క చేశావన్నమాట. ఎనిమిదో తరగతి పిల్లలు చేస్తారు ఆ పని. వాళ్ళకి నేను సున్నా వేసేదాన్ని." ఆగి, "అతణ్ణి ఆయన పంపించేశారు. తీసుకురావలసింది నువ్వు" అన్నారు.

నాగాయలంకలో బోటు బావ ఒక పడవ ఇంజను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కర్ర చేతికిచ్చాను. తిప్పి చూసుకున్నాడు.

"ఆ రోజు నిజం చెప్పలేదేం బావా?" అన్నాను. (చూడండి, తప్పు చేసింది నేను, సంజాయిషీ అడుగుతున్నదీ నేనే.)

"మైకు మీ చేతిలో ఉందిగా. నా మాట ఎవరికి వినపడతదండీ?"

తిరిగి రావడానికి అతను పెట్టిన షరతు ఒక్కటే. ఆ ఒడ్డునే, ఆ మైకులోనే చెప్పాలి. చెప్పాను. ఈసారి ఆటో కట్టి ఊరూరా చాటించే ఉత్సాహం నాకు లేదు, పదిహేను మందే వచ్చారు. దింపింది స్వామి కాదు, మాస్టారి చేతి నైపుణ్యం, ముంచబోయింది నేను, బోటు బావ తప్పు ఇసుమంత కూడా లేదు, అని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివరికి బస్సులో కలిసిన చేపల బుట్ట పెద్దమ్మే లేచింది. "నువ్వు చేసిన పనికి వాళ్ళు బతక్కూడదు బాబూ. బతికారంటే మరి స్వామి ఎంతటోడు!" చప్పట్లు మారుమోగాయి. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క నిజాయితీ గల ప్రసంగం ఇలా భక్తి ప్రచారంగా ముగిసింది. బోటు బావ అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. బండెక్కాక, "పద బావా" అన్నాడు. ఆ పూట నుంచి నేను అతనికి ఇంజినీరు గారిని కాదు.

కర్రని కళ్ళ దాకా తేవడం గురించి కూడా అడిగాను. తడి గుర్తు గాలికి ఇట్టే ఆరిపోతుందట, దగ్గరగా చూసుకోవాలట. "మరి దండం కాదా?" అన్నాను ఆశగా. "అదీ ఉంటదిలే" అన్నాడు. దండం ఎంతో, చూపు ఎంతో విడదీసి చెప్పమని నేను అడగలేదు. అడగకుండా ఊరుకోవడం నాకు అదే మొదలు.

ఇప్పుడు నా స్కూటరు డిక్కీలో జానెడు సరుగుడు పుల్ల ఒకటి ఉంటుంది. బండి ముల్లు పనిచేస్తుంది, అయినా పుల్ల ఉంటుంది. మొన్న మా అమ్మాయిని ఎక్కించుకుని బయల్దేరబోతూ, బండిని వీధిలో చదును చూసి స్టాండు వేసి, పుల్ల ముంచి, కళ్ళ దాకా తెచ్చుకున్నాను. "నాన్నా, నువ్వు దండం పెడుతున్నావు!" అంది నన్ను పట్టేసుకున్న సంబరంతో. "కొలుస్తున్నానే" అన్నాను. "ఆధారం చూపించు" అంది. పుల్ల మీది తడి అప్పటికే ఆరిపోయింది.